రీబిల్డ్‌లో ట్రేడ్‌లు ఎక్కడ తేడా కొడుతున్నాయి: లక్షణం, కారణం, పరిష్కారం

బరంపురం, పర్లాకిమిడి, రాయగడ, ఇటు ఇచ్ఛాపురం కుర్రాళ్లం కలిసి ఆడే సిమ్ లీగ్‌లో (గేమ్‌లో ఒక్కొక్కరం ఒక్కో టీం నడుపుతాం) ప్రతి సీజన్ ముందూ ఎవరో ఒకరు అట్టడుగు టీం తీసుకుని "దీన్ని నేను నిలబెడతా" అంటారు. ట్రేడ్‌లతో, అంటే వేరే టీంలతో ఆటగాళ్లని మార్చుకుంటూ, టీంని మళ్లీ కట్టడమే రీబిల్డ్. అందులో సగం మంది రెండో సీజన్ అయ్యేసరికి విసిగిపోయి టీం వదిలేస్తారు, ఆ టీం మళ్లీ లీగ్ నడిపే కమిషనర్ నెత్తిన పడుతుంది. అలా వదిలేసిన టీంలన్నీ చూస్తే జబ్బులు ఆరేడే, మళ్లీ మళ్లీ అవే. అందుకే ఇది రాస్తున్నా. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికా వాళ్ల ఫుట్‌బాల్, ఎన్ఎఫ్ఎల్ పద్ధతి: 32 టీంలు, 17 మ్యాచ్‌లు, ఏడు రౌండ్ల డ్రాఫ్ట్ (కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకోవడం, ఒక్కో వంతు ఒక పిక్, ఎక్కువ ఓడినవాళ్లకి ముందు వంతు), 53 మంది రోస్టర్ (ఆటగాళ్ల జాబితా), పైన శాలరీ క్యాప్ (జీతాల మొత్తానికి హద్దు). మీరు మ్యాడెన్ ఆడుతున్నా, వేరే సిమ్ ఆడుతున్నా లెక్క దాదాపు ఇదే.

సమస్య: ఏటా 7-10 (7 గెలుపులు, 10 ఓటములు), లేకపోతే 8-9. ప్లేఆఫ్స్ రావు, మంచి పిక్ కూడా రాదు.

కారణం ఒక్కటే, మీ టీం ఏ సంవత్సరం గెలవాలో మీరు తేల్చుకోలేదు. ఒక వారం 31 ఏళ్ల కార్నర్‌బ్యాక్‌ని (అవతలి రిసీవర్లని కాచే డిఫెండర్‌ని) కొంటారు, తర్వాతి వారం 22 ఏళ్ల కుర్రాడి కోసం పిక్ ఇస్తారు. రెండూ విడిగా చూస్తే మంచి ట్రేడ్‌లే కావచ్చు, కానీ ఆ కుర్రాడు పండే రోజుకి ఈ కార్నర్‌బ్యాక్ రిటైర్ అయిపోయి ఉంటాడు, అంటే ఇద్దరూ కలిసి మంచి ఫామ్‌లో ఆడే సీజన్ ఒక్కటీ ఉండదు.

పరిష్కారం: ట్రేడ్ స్క్రీన్ తెరవకముందే సంవత్సరం రాసిపెట్టుకోండి. ఇప్పటి నుంచి మూడో సీజన్ అనుకుందాం. రోస్టర్‌లో ప్రతి ఆటగాడి వయసుకి మూడు కలపండి. ఆ వయసులో కూడా వాడు మీ మొదటి పదకొండులో ఉంటాడా? ఉంటే ఉంచండి, లేకపోతే వాడు అమ్మకానికి ఉన్నట్టే, ఎంత ఇష్టమైన ఆటగాడైనా సరే. వయసు అందరికీ ఒకేలా పనిచేయదని గుర్తుంచుకోవాలి. బంతి పట్టుకుని పరిగెత్తే రన్నింగ్ బ్యాక్‌లు 27, 28 దాటితే జారడం మొదలవుతుంది, పాస్ అందుకునే రిసీవర్లు, కార్నర్‌బ్యాక్‌లు సుమారు 30 దాకా లాగుతారు, బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌లు, వాళ్లకి అడ్డుగా నిలబడే అఫెన్సివ్ లైన్ వాళ్లు ఇంకా ఎక్కువ కాలం నిలబడతారు. కాబట్టి లైన్‌లో ఆడే 28 ఏళ్ల లెఫ్ట్ టాకిల్‌ని కంగారుపడి అమ్మేయకండి. 26 ఏళ్ల రన్నింగ్ బ్యాక్‌ని మాత్రం ఈ సీజన్‌లోనే పంపించెయ్యండి.

సమస్య: స్టార్ ఆటగాడిని అమ్మకానికి పెట్టా, ఎవరూ రేటు ఇవ్వట్లేదు.

దీనికి కారణాలు ఒకటికి మించి ఉంటాయి. ఎక్కువగా కనిపించేది ఆలస్యం. గోపాల్‌పూర్ ఒడ్డున పొద్దున దిగిన చేపకి పలికిన ధర మధ్యాహ్నం పలకదు, రన్నింగ్ బ్యాక్ కూడా అంతే. చాలా సిమ్‌లలో వయసు వల్ల రేటింగ్ పడేది సీజన్ ముగిశాక, అంటే మీరు ఆఫ్‌సీజన్ దాకా ఆగితే ఆ పడిన రేటింగ్‌నే అందరూ చూస్తారు. ట్రేడ్ డెడ్‌లైన్‌కి ముందే, ఇంకా పాత నంబర్ కనిపిస్తున్నప్పుడే అమ్మాలి.

రెండో కారణం, తప్పు మనిషిని అడగడం. మీలాగే కింద ఉన్న టీం మీ స్టార్‌ని ఎందుకు కొంటుంది? "ఇంకొక్కడు దొరికితే కప్పు మాదే" అనుకుంటున్న టీం దగ్గరికి వెళ్లాలి. 1989 అక్టోబర్‌లో ఎన్ఎఫ్ఎల్ టీం డాలస్ చేసింది ఇదే. ఆ టీంలో మంచి ధర పలికే ఆటగాడు రన్నింగ్ బ్యాక్ హెర్షెల్ వాకర్, మిన్నెసోటా తమకి తక్కువైంది ఒక్క రన్నింగ్ బ్యాకే అని నమ్మింది. డాలస్‌కి బదులుగా ఐదుగురు ఆటగాళ్లు, కొన్ని పిక్‌లు వచ్చాయి. పైకి చూస్తే అసలు ధర ఆ ఆటగాళ్లే అనిపిస్తుంది, కానీ పిక్‌లని ఆ ఆటగాళ్లకి ముడిపెట్టారు, వాళ్లని వదిలేస్తే పిక్‌లు డాలస్‌కి వస్తాయి. డాలస్ కోచ్ జిమ్మీ జాన్సన్‌కి కావాల్సింది మొదటి నుంచీ ఆ పిక్‌లే. ఆ ఏడాది డాలస్ 1-15తో ముగించింది. అలా వచ్చిన పిక్‌లలో ఒకదాన్ని వాడి 1990 డ్రాఫ్ట్‌లో కాస్త పైకి జరిగి రన్నింగ్ బ్యాక్ ఎమిట్ స్మిత్‌ని తీసుకున్నారు, తర్వాత 1992, 1993, 1995 సీజన్లలో సూపర్‌బౌల్ (లీగ్ ఫైనల్) గెలిచారు. ఈ మొత్తం కథలో నాకు నచ్చేది ఏంటంటే, అమ్మిన టైం. వాకర్‌కి అప్పుడు 27 ఏళ్లు.

పరిష్కారం: స్టాండింగ్స్‌లో పై ఆరు టీంలు చూడండి, ఎవరికి ఏ పొజిషన్ బలహీనంగా ఉందో రాసుకోండి, ఒకే ఆటగాడి కోసం కనీసం ఇద్దరు పోటీ పడేలా చూసుకోండి. "నా దగ్గరున్న వాళ్లందరూ అమ్మకానికే" అని గ్రూప్‌లో ప్రకటించకండి, ఆ మాటతో మీ ప్రతి ఆటగాడి ధర పడిపోతుంది.

సమస్య: పిక్‌లు బోలెడు ఉన్నాయి, పనికొచ్చే ఆటగాడు ఒక్కడూ రాలేదు.

పిక్‌లని సంఖ్యతో లెక్కపెట్టడమే కారణం. జిమ్మీ జాన్సన్ పేరుతో ప్రచారంలో ఉన్న పాత పట్టికలో మొదటి పిక్‌కి 3000 పాయింట్లు, 16వ పిక్‌కి 1000, మొదటి రౌండ్ చివరిదైన 32వ దానికి 590, రెండో రౌండ్ చివరి 64వ దానికి 270. అంటే 64వ పిక్‌లు నాలుగు పోగేస్తే గానీ ఒక్క 16వ పిక్‌కి సాటి రాదు. ఆరు, ఏడు రౌండ్ల పిక్‌లు పది ఉన్నా సంచీలో చిల్లర శబ్దమే. మా లీగ్‌లో ఎవరైనా "నీకు మూడు పిక్‌లు ఇస్తా" అంటే మొదట అడగాల్సింది ఏ రౌండ్, ఎవరి పిక్ అని.

అయితే ఈ పట్టికని కళ్లు మూసుకుని నమ్మొద్దు. అది కొత్త ఆటగాళ్ల జీతాలకి హద్దు లేని కాలం నాటిది. 2011లో లీగ్‌కీ ఆటగాళ్ల సంఘానికీ కుదిరిన ఒప్పందంతో రూకీల (కొత్త ఆటగాళ్ల) జీతాలు కట్టడి అయ్యాయి. మొదటి రౌండ్ చివర్లో, రెండో రౌండ్‌లో దొరికే ఆటగాడు పాత పట్టిక చెప్పేదానికంటే విలువైనవాడే, ఎందుకంటే తక్కువ జీతంతో నాలుగేళ్లు ఉంటాడు. అందుకే మీ పిక్ బాగా పైన ఉన్నప్పుడు, అక్కడ తీసుకోదగ్గ క్వార్టర్‌బ్యాక్ లేకపోతే, దాన్ని ఇచ్చి కింది పిక్‌లు ఎక్కువ తీసుకోవడమే మంచిదని నా గట్టి నమ్మకం.

అసలు లాభం ఇంకోచోట ఉంది, దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను. వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్‌ని ఈ ఏడాది రెండో రౌండ్ పిక్‌గా లెక్క కట్టే అలవాటు చాలామందికి ఉంది, నిజం లీగ్‌లోనూ, సిమ్‌లోనూ. గెలవాలని తొందరలో ఉన్నవాడికి వచ్చే ఏడాది దూరంగా కనిపిస్తుంది. మీకు ఆ తొందర లేదు, మీ సంవత్సరం ఎలాగూ మూడోది. కాబట్టి ఈ ఏడాది రెండో రౌండ్ పిక్ ఇచ్చి వచ్చే ఏడాది మొదటి రౌండ్ అడగండి. ఇస్తారు. అదీ అందరి దగ్గరా కాదు, ముసలి రోస్టర్, నిండిపోయిన క్యాప్, గాయాలైన క్వార్టర్‌బ్యాక్ ఉన్న టీం దగ్గర అడగండి. వచ్చే ఏడాది వాళ్లు కూలితే ఆ పిక్ పైకి ఎగబాకుతుంది. 2019లో మయామి ముఖ్యంగా తన టాకిల్ లారెమీ టన్సిల్‌ని హ్యూస్టన్‌కి ఇచ్చి రెండు మొదటి రౌండ్ పిక్‌లు, ఒక రెండో రౌండ్ పిక్ తీసుకుంది. 2020లో హ్యూస్టన్ 4-12కి పడిపోయింది, దాంతో 2021 పిక్ ఏకంగా మూడోది అయింది. మయామి దాన్ని శాన్‌ఫ్రాన్సిస్కోకి ఇచ్చి 12వ పిక్, రాబోయే రెండేళ్ల మొదటి రౌండ్ పిక్‌లు, ఒక మూడో రౌండ్ పిక్ రాబట్టింది. ఒక్క టాకిల్‌తో మొదలైన గొలుసు ఇది. ఎవరి పిక్ తీసుకుంటున్నారో చూడమని చెప్పేది అందుకే.

సమస్య: ట్రేడ్ ఓకే అయింది, సిస్టమ్ ఒప్పుకోవట్లేదు. క్యాప్ లేదంటోంది.

కారణం డెడ్ మనీ, అంటే వెళ్లిపోయిన ఆటగాడి పేరు మీద మీ క్యాప్‌లో మిగిలే లెక్క. సైనింగ్ బోనస్‌ని (కాంట్రాక్ట్ రాసేటప్పుడు ఇచ్చే డబ్బుని) క్యాప్ లెక్కలో గరిష్ఠంగా ఐదేళ్లకి పరుస్తారు. 20 మిలియన్ డాలర్ల బోనస్ అయితే ఏడాదికి 4. రెండేళ్లు ఆడించి అమ్మేస్తే మిగిలిన 12 మిలియన్ కొన్నవాడికి పోదు, మీ నెత్తినే పడుతుంది. ఎన్ఎఫ్ఎల్‌లో జూన్ 1 తర్వాత ట్రేడ్ చేస్తే ఈ ఏడాది 4, మిగతా 8 వచ్చే ఏడాదికి వెళ్తాయి. మీ సిమ్‌లో ఈ నియమం ఉందో లేదో కమిషనర్‌ని ముందే అడగండి, అన్ని లీగ్‌లూ దీన్ని పెట్టవు.

పరిష్కారం: ఎలాగూ ఓడిపోయే సంవత్సరంలోనే ఆ దెబ్బ మొత్తం తినేయండి. మొదటి సీజన్‌లో 40 మిలియన్ డెడ్ మనీ ఉన్నా పోయేదేం లేదు, గెలవాల్సిన సీజన్‌లో 10 ఉన్నా ఒక మంచి ఆటగాడు తగ్గినట్టే.

ఆ దెబ్బ తిన్నాక కూడా క్యాప్‌లో చోటు మిగిలితే దాన్ని ఊరికే ఉంచకండి, అద్దెకివ్వండి. 2017లో హ్యూస్టన్ తన క్వార్టర్‌బ్యాక్ బ్రాక్ ఆస్వైలర్ జీతం భారం వదిలించుకోవాలని అతనితోపాటు 2018 రెండో రౌండ్ పిక్‌ని క్లీవ్‌ల్యాండ్‌కి ఇచ్చేసింది. ఆ పిక్‌తో క్లీవ్‌ల్యాండ్ రన్నింగ్ బ్యాక్ నిక్ చబ్‌ని తీసుకుంది. మా దగ్గర ఈ తరహా ట్రేడ్‌ని ఎవరూ అడగరు, అడిగితే మాత్రం క్యాప్ ఇరుక్కున్నవాళ్లు ఎగిరి గంతేసి ఒప్పుకుంటారు.

సమస్య: క్వార్టర్‌బ్యాక్ కోసం అన్నీ ఇచ్చేశా, ఇప్పుడు వాడికి అడ్డుగా నిలబడే లైన్ లేదు.

2012లో వాషింగ్టన్ ఆరో పిక్ నుంచి రెండో పిక్‌కి వెళ్లడానికి, ఆ ఆరోదీ కలిపి మూడు మొదటి రౌండ్‌లు, ఒక రెండో రౌండ్ ఇచ్చింది. అలా తీసుకున్న క్వార్టర్‌బ్యాక్ రాబర్ట్ గ్రిఫిన్ మొదటి ఏడాది అదరగొట్టాడు, మోకాలు పోయాక ఆ టీంని నిలబెట్టడానికి పిక్‌లు లేవు. వరుస మార్చండి: ముందు లైన్, తర్వాత క్వార్టర్‌బ్యాక్. అంతవరకు మధ్యస్థంగా ఆడే ఒకడు చాలు. 2021లో డెట్రాయిట్ తన క్వార్టర్‌బ్యాక్ మాథ్యూ స్టాఫర్డ్‌ని లాస్‌ఏంజిలిస్‌కి ఇచ్చి వాళ్ల క్వార్టర్‌బ్యాక్ జారెడ్ గాఫ్‌ని, రెండు మొదటి రౌండ్‌లని, ఒక మూడో రౌండ్‌ని తీసుకుంది. లాస్‌ఏంజిలిస్ ఆ సీజన్లోనే సూపర్‌బౌల్ కొట్టింది. డెట్రాయిట్ 3-13-1 (చివరిది టై) నుంచి 2023కల్లా 12-5కి ఎదిగింది, అదీ "తాత్కాలికం" అనుకున్న గాఫ్‌తోనే. ఇద్దరికీ మేలు జరిగిన ట్రేడ్‌లు ఇలా ఉంటాయి, రెండు టీంల సంవత్సరాలు వేరు కాబట్టి.

సమస్య: మెసేజ్ పెడితే జవాబు లేదు, ట్రేడ్ కుదిరినా మిగతావాళ్లు వీటో చేస్తున్నారు.

ఇది ఆట కంటే మనుషుల సంగతి. "బావా, నీ రిసీవర్‌ని ఇచ్చెయ్" అని మొదలుపెడితే అవతలివాడు మూసుకుంటాడు. "బావా, నీ సెకండరీ (పాస్‌లని ఆపే వెనక డిఫెన్స్) ఎలా ఉంది, ఈసారి ఎవరైనా కావాలా?" అని అడిగితే వాడే చెబుతాడు. ఒడియా మిత్రులున్న లీగ్ అయితే వాళ్లతో ఒక్కసారి ఫోన్‌లో మాట్లాడండి, "భాయ్" అని నాలుగు ముక్కలు వాళ్ల భాషలో మాట్లాడితే టైప్ చేసిన పది మెసేజ్‌ల కంటే పని త్వరగా అవుతుంది. ఎప్పుడూ రెండు ఆఫర్లు పెట్టండి, ఒక్కటే పెడితే అవుననో కాదనో తేలిపోతుంది, రెండుంటే బేరం మొదలవుతుంది. ఆదివారం రాత్రి అసలు మ్యాచ్‌లు మొదలయ్యాక ఎవరూ జవాబివ్వరు, ఠాకురాణి యాత్ర (బరంపురం అమ్మవారి జాతర) జరిగే ఏడాది బరంపురం వాళ్లు ఆ రోజుల్లో అస్సలు దొరకరు. డెడ్‌లైన్ పెట్టే కమిషనర్ కూడా ఇది చూసుకోవాలి.

వీటో గురించి ఒక్క మాట. ఒకే స్నేహితుడితో వరుసగా ట్రేడ్‌లు చేస్తే, అవి ఎంత న్యాయమైనవైనా, మిగతావాళ్లకి అనుమానం వస్తుంది, రావడం సహజం. ట్రేడ్‌తోపాటు మీ కారణం రెండు వాక్యాల్లో గ్రూప్‌లో పెట్టండి.

సమస్య: మూడేళ్లయింది, ఇంకా పిక్‌లే కూడబెడుతున్నా.

క్లీవ్‌ల్యాండ్ 2016లో 1-15, 2017లో 0-16. పిక్‌లకి లోటు లేదు, కానీ పిక్ మ్యాచ్ ఆడదు. కారణం భయం: ఇంకొంచెం ఆగితే ఇంకా మంచి ధర వస్తుందన్న ఆశ. ఈలోగా మొదట తీసుకున్న కుర్రాళ్ల రూకీ కాంట్రాక్ట్ నాలుగేళ్లు అయిపోతుంది. మొదటి రౌండ్ వాడికైతే ఐదో ఏడాది కూడా ఉంచుకునే ఆప్షన్ ఉంటుంది, మిగతావాళ్లకి అదీ లేదు. అందరూ ఒకేసారి పెద్ద జీతం అడుగుతారు.

పరిష్కారం: మీ క్వార్టర్‌బ్యాక్ రూకీ కాంట్రాక్ట్‌లో రెండో ఏడాదిలోకి అడుగుపెట్టాడంటే అమ్మడం ఆపేయండి. అప్పటికి దాచిన పిక్‌లలో మీ సొంత మొదటి రౌండ్‌ని ఉంచుకుని, మిగతావాటితో పాస్ రషర్‌నో (అవతలి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడినో) కార్నర్‌బ్యాక్‌నో కొనండి. మీరు కొనే ఆటగాడికి మీరు రాసిపెట్టుకున్న సంవత్సరానికి 30 ఏళ్లు దాటకూడదు, వాడి బోనస్ ముందే అమ్మిన టీం మీద పడిపోయి ఉండాలి.