శ్రమదానానికి బిల్డింగ్ పనికి వెళ్తున్నారా? దెబ్బలు తగలకుండా పని చేయడం ఎలా?

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగింది. నీళ్లు తీశాక ఇళ్లలో బురద ఎత్తడానికి గుంటూరు నుంచి మేమూ కొందరం వెళ్లాం. బురద ఎత్తడానికి పార, ఓపిక ఉంటే సరిపోయింది. కొన్ని వారాల తర్వాత పడిపోయిన గోడలు మళ్లీ కట్టడం, పగిలిన రేకులు మార్చడం మొదలైంది. ఆ పని వేరు. మాతో వచ్చిన ఒక డిగ్రీ అబ్బాయి పాత సిమెంటు రేకు మీద అడుగేసి, అది విరిగి లోపలికి పడిపోయాడు. కింద మంచం మీద తడి పరుపు ఉండబట్టి నడుము నొప్పితో బయటపడ్డాడు. ఎవరూ అతన్ని ఎక్కమనలేదు. ఎక్కొద్దని కూడా మేమెవరం చెప్పలేదు.

ఆ రోజు నుంచి నేను వాలంటీర్లతో ముందుగా చెప్పేది మొహమాటం గురించే. కూలికి వచ్చిన మనిషి, ‘ఈ పని నాది కాదు మేస్త్రీ’ అనగలడు. సాయానికి వచ్చినవాళ్లు అలా అనలేరు. అలిసిపోయినా చెప్పరు, తెలియకపోయినా అడగరు. బిల్డింగ్ పనిలో ఎక్కువ దెబ్బలు అక్కడే తగులుతాయి. కాబట్టి కింద చెప్పినవన్నీ చేస్తూ, ఎక్కడైనా అనుమానం వస్తే చేతిలో ఉన్నది కింద పెట్టి అడగండి. మీ పక్కన పనిచేసే కూలీ అక్కనైనా అడగండి. చాలా విషయాలు ఆమెకే బాగా తెలుసు.

వెళ్లే ముందు రోజు

పిలిచినవాళ్లకు ఫోన్ చేసి మూడు విషయాలు కనుక్కోండి. రేపు ఏం పని? అక్కడ మేస్త్రి ఉంటారా? మాకు ఏ పని ఇస్తారు? ‘మేస్త్రి ఎందుకండీ, మనమే చేసేసుకుందాం’ అని జవాబు వస్తే వెళ్లకండి. పద్దెనిమిది ఏళ్లు నిండని పిల్లల్ని కట్టుబడి దగ్గరకు తీసుకెళ్లకండి. వాళ్లకు బయట మజ్జిగ పంచే పని ఇవ్వొచ్చు.

టెటనస్ ఇంజెక్షన్ చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు చేసుకోండి. పదేళ్లు దాటితే ముందే వేయించుకోండి. ఇన్సూరెన్స్ సంగతి కూడా చూసుకోండి. భవన నిర్మాణ కార్మికుల కోసం 1996లో చట్టం వచ్చింది, వాళ్లకు సంక్షేమ బోర్డు ఉంది. ఒక రోజు సాయానికి వెళ్లిన మనకు అవి వర్తిస్తాయని అనుకోవద్దు. బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా యోజన తీసుకుంటే ఏడాదికి 20 రూపాయలకు రెండు లక్షల ప్రమాద బీమా ఉంటుంది. 18 నుంచి 70 ఏళ్ల వాళ్లు తీసుకోవచ్చు. మా గ్రూపులో ఇది లేకుండా ఎవరినీ పనికి పంపడం లేదు.

బట్టల విషయంలో కూలీ ఆడవాళ్లను చూసి నేర్చుకోవచ్చు. చీర మీద ఫుల్ హ్యాండ్స్ చొక్కా వేసుకుంటారు, తలకు గుడ్డ చుడతారు, కొంగు నడుముకు దోపుతారు. ఎండ, సిమెంటు, గీరుకోవడం, మూడింటికీ అది పనికొస్తుంది. చున్నీ వేసుకుని కాంక్రీటు కలిపే మిషన్ (మిల్లర్) దగ్గరకు వెళ్లొద్దు. జుట్టు ముడి వేసుకోండి, ఉంగరాలు, గాజులు, మెడలో దండలు ఇంట్లో పెట్టి రండి. చెప్పులతో అసలు రావద్దు, సెంట్రింగ్ (కాంక్రీటు పోయడానికి కట్టే అచ్చు) చెక్కల మేకులు చెప్పుల్లోంచి నేరుగా దిగుతాయి. గట్టి అడుగు ఉన్న బూట్లు, గడ్డం కింద పట్టీ ఉన్న ఐఎస్ఐ మార్కు హెల్మెట్ కావాలి. బండి హెల్మెట్ దీనికి పనికిరాదు. పక్కకు ఏం కదులుతోందో కనిపించదు, పిలిస్తే వినిపించదు.

పొద్దున వెళ్లగానే

పార పట్టుకోకముందే మేస్త్రితో కలిసి ఒక చుట్టు తిరగండి. పావుగంట పడుతుంది. గోతులు ఎక్కడున్నాయి, కరెంటు మెయిన్ ఎక్కడుంది, తల మీదుగా ఏ వైర్లు పోతున్నాయి, తాగే నీళ్లు, బాత్రూమ్, మందుల డబ్బా ఎక్కడ అన్నవి అందరూ చూడాలి. ఎంతమంది వచ్చారో లెక్క రాసుకోండి. 108కి ఫోన్ చేసినప్పుడు చెప్పడానికి అడ్రసు, దగ్గర్లోని గుడో బడో గుర్తు, గోడ మీద సుద్దతో పెద్దగా రాసిపెట్టండి. సింగ్‌నగర్ లాంటి చోట ఒక సందు చూస్తే ఇంకో సందులానే ఉంటుంది. టెన్షన్‌లో ఉన్నవాళ్లకు రోజూ తిరిగే వీధి పేరు కూడా నోటికి రాదు.

ఎండలో పని

విజయవాడను బ్లేజ్‌వాడ అని ఊరికే అనలేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో అసలు శ్రమదానం పెట్టకపోవడమే మేలు. తప్పనిసరైతే పొద్దున ఆరింటికి మొదలుపెట్టి పదిన్నరకు ఆపండి, మళ్లీ సాయంత్రం నాలుగు తర్వాతే. మన వైపు గాలిలో తడి ఎక్కువ. చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. అందుకే ఇక్కడ 38 డిగ్రీల ఎండకు కూడా మనుషులు పడిపోతారు.

ఏసీ గదిలో కూర్చుని చదువుకునేవాళ్లు, ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు మొదటి రోజే కూలీలతో సమానంగా చేయాలని చూస్తారు. అది చాలా ప్రమాదం. ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం, రెండు వారాలు పడుతుంది. మొదటి రోజు మామూలు పనిలో ఐదో వంతు చేయండి, రోజూ కొంచెం కొంచెం పెంచండి. ఒక్క రోజుకే వచ్చినవాళ్లు నీడలో చేసే పని అడిగి తీసుకోండి.

దాహం వేసేదాకా ఆగొద్దు. ప్రతి పావుగంట, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు తాగితే గంటకు ముప్పావు లీటరు నుంచి లీటరు దాకా అవుతుంది, అది సరిపోతుంది. ఉప్పు వేసిన పల్చటి మజ్జిగ మంచిది. ఓఆర్ఎస్ ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి.

ఇద్దరిద్దరు జతగా పనిచేయండి. వడదెబ్బ తగిలినవాళ్లకు తమకు తగిలిందని తెలియదు, పక్కవాళ్లే కనిపెట్టాలి. తల తిరగడం, వాంతి వచ్చినట్టు ఉండటం, కండరాలు పట్టేయడం కనిపిస్తే పని ఆపి నీడలో కూర్చోబెట్టి నీళ్లివ్వండి. మాట తడబడుతున్నా, సంబంధం లేకుండా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే. చెమట పడుతోంది కదా అని నిర్లక్ష్యం చేయొద్దు. ఒకరు 108కి ఫోన్ చేస్తుంటే మిగతావాళ్లు నీడలోకి చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లు పోస్తూ విసరండి. ఐసు దొరికితే మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో గుడ్డలో చుట్టి పెట్టండి. స్పృహ సరిగా లేని మనిషికి నోట్లో నీళ్లు పోయకండి. అంబులెన్స్ వచ్చేదాకా చల్లబరచడం ఆపొద్దు, ప్రాణం నిలిపేది అదే.

బరువులు, సిమెంటు

సిమెంటు బస్తా 50 కిలోలు. అలవాటు లేనివాళ్లు ఒంటరిగా ఎత్తకండి, ఇద్దరు పట్టుకోండి, మోకాళ్లు వంచి లేవండి. తట్ట సగమే నింపమని అడగండి. ఇటుకలు మోయడం కంటే వరుసగా నిలబడి చేతులు మార్చుకోవడం తేలిక, అందరికీ పని దొరుకుతుంది. విసిరి పట్టుకోవడం మాత్రం వద్దు.

తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. మొదట నొప్పి ఉండదు, సాయంత్రం ఇంటికెళ్లి చూసుకుంటే తోలు ఊడిపోయి ఉంటుంది. స్లాబ్ వేసే రోజు రబ్బరు బూట్లు, రబ్బరు గ్లౌజులు వేసుకోండి. నూలు గ్లౌజులు సిమెంటు పాలను పీల్చుకుని చేతికి పట్టి ఉంచుతాయి కాబట్టి ఒట్టి చేతుల కంటే అన్యాయం. బూటులోకి పోతే అప్పుడే విప్పి కడుక్కోండి. కంట్లో పడితే నులమకుండా ఇరవై నిమిషాల పాటు మంచి నీళ్లు పోస్తూ కడిగి ఆసుపత్రికి వెళ్లండి. టైల్స్, కడప బండలు కోసేచోట నీళ్లు పోస్తూ కోయమని మేస్త్రి గారిని అడగండి. ఆ పొడి రుమాలుకు ఆగదు, ఎన్95 మాస్కు కావాలి.

ఎత్తు మీద, రేకుల మీద

వాలంటీర్లకు మేం పెట్టుకున్న హద్దు ఒకటుంది. తల ఎత్తు కంటే పైకి ఎక్కే పని చేయరు. పరంజా, అంటే ఎత్తులో నిలబడి పనిచేయడానికి కట్టే కర్రల కట్టు, దాని మీద పని తాపీ మేస్త్రులదే. పరంజా కింద నడవడం కూడా మానుకోండి, పైనుంచి జారిన తాపీ చిన్నదైనా తల పగలగొడుతుంది.

పనివాళ్లకు నిచ్చెన వేయాల్సి వస్తే లెక్క తేలిక. నాలుగు అడుగుల ఎత్తుకు ఒక అడుగు చొప్పున కాలు గోడకు దూరంగా ఉండాలి. పన్నెండు అడుగుల ఎత్తుకైతే మూడు అడుగులు. పై కొస ఆనుకున్న చోటు కంటే మూడు అడుగులు పైకి రావాలి, కట్టేసి ఉండాలి, కింద ఒకరు పట్టుకోవాలి. చేతిలో తట్ట పట్టుకుని ఎక్కొద్దు, తాడుతో లాక్కోండి.

సిమెంటు రేకుల మాట మరోసారి చెప్తాను. చూడటానికి కాంక్రీటులా గట్టిగా ఉంటాయి. ఏళ్ల తరబడి ఎండకు ఎండి, వానకు నాని పెళుసెక్కి ఉంటాయి, కాలు పెట్టగానే చెప్పకుండా విరుగుతాయి. వాటి మీద ఎవరూ నడవకూడదు. తెలిసిన పనివాళ్లు కూడా దూలాల మీద పలకలు పరుచుకుని, వాటి మీదే కదులుతారు. ఇంకో సంగతి, పాత రేకుల్లో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. పగలగొట్టినా, కట్టర్‌తో కోసినా లేచే సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లో చేరి ఎన్నో ఏళ్ల తర్వాత క్యాన్సర్ దాకా తీసుకెళ్తాయి. కాబట్టి నీళ్లతో తడిపి, మేకులు విప్పి, రేకు రేకుగా దించాలి. కింద పడిన ముక్కలను పొడిగా ఊడ్చొద్దు, తడిపి ఎత్తి మందపాటి సంచిలో మూట కట్టండి.

గోతులు, సంపులు

గుంటూరు వైపు నల్లరేగడి నేల. ఎండినప్పుడు పునాది గొయ్యి గోడ గీసినట్టు నిలబడుతుంది. ఒక్క వాన పడితే లోపల నెర్రెల వెంట నీరు దిగి పెళ్లగా ఊడి పడుతుంది. ఘనపు మీటరు మట్టి టన్నున్నర దాకా బరువుంటుంది, నడుము దాకా కప్పుకున్నా మనిషి కదల్లేడు. నడుము లోతు దాటిన గోతిలోకి వాలంటీర్లు దిగొద్దు. ఐదు అడుగులు దాటితే పక్కలకు చెక్కల ఆపు లేకుండా పనివాళ్లు కూడా దిగకూడదు. తీసిన మట్టిని గట్టు మీదే పోయకుండా దూరంగా పోయండి.

సంపు, సెప్టిక్ ట్యాంకు విషయంలో మినహాయింపే లేదు. కొత్తగా కట్టిన నీళ్ల సంపైనా సరే, సెంట్రింగ్ ఊడదీయడానికి దిగినవాళ్లు చనిపోతున్నారు. మూసిన చోట తడి చెక్క కుళ్లుతూ లోపలి ఆక్సిజన్‌ను తినేస్తుంది. వాసన ఉండదు, మనిషి రెండు శ్వాసల్లో కూలిపోతాడు. అతన్ని కాపాడదామని దిగిన రెండోవాడూ అంతే. దీపం పెట్టి చూశాం, ఆరలేదని ఎవరన్నా నమ్మకండి. ఎవరైనా లోపల పడితే దిగకుండా 112కి, 101కి (ఫైర్ స్టేషన్) ఫోన్ చేయండి. ఆ క్షణంలో దిగకుండా ఆగడం ఎంత కష్టమో తెలుసు. అయినా ఆగాలి.

కరెంటు

ఇనుప రాడ్డు పొడవు దాదాపు నలభై అడుగులు. దాన్ని నిలువుగా ఎత్తితే వీధి పైనున్న 11 కేవీ (11 వేల వోల్టుల) లైనును అందుకుంటుంది, అంటకపోయినా దగ్గరకు వెళ్తేనే కరెంటు దూకుతుంది. రాడ్లు, నిచ్చెనలు పడుకోబెట్టి ఇద్దరు మోయండి. లైనుకు పది అడుగుల లోపు పని ఉంటే 1912కి ఫోన్ చేసి, విద్యుత్ సిబ్బంది వచ్చి లైను ఆపాకే మొదలుపెట్టాలి.

ప్లగ్గు లేకుండా వైర్లను సాకెట్‌లో గుచ్చి పుల్లతో నొక్కి ఉంటే ఆ మిషన్ ముట్టుకోవద్దు. బోర్డులో 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) ఉందో లేదో అడిగి, పొద్దునే దాని టెస్ట్ బటన్ నొక్కి చూడండి. షాక్ కొట్టినవాళ్లను ముట్టుకోకుండా ముందు మెయిన్ ఆపండి. ఊపిరి లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులు ఒకదాని మీద ఒకటి పెట్టి, రెండంగుళాలు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. అలిసిపోతే ఇంకొకరు అందుకోవాలి.

దెబ్బ తగిలితే, పని అయ్యాక

మేకు దిగితే సబ్బు, పారే నీళ్లతో కడిగి అదే రోజు ఇంజెక్షన్‌కు వెళ్లండి. పసుపు, సున్నం, కాఫీ పొడి పెట్టొద్దు. పైనుంచి పడినవాళ్లను లేపి కూర్చోబెట్టకండి, మెడ కదలకుండా పట్టుకుని 108 కోసం ఆగండి. శిథిలాల కింద పాములుంటాయి కాబట్టి చేత్తో కాకుండా పారతో కదపండి. పాము కరిస్తే కోయడం, కట్టు బిగించడం వద్దు. కాలో చెయ్యో కదలకుండా ఉంచి, పెద్దాసుపత్రికే తీసుకెళ్లండి.

పని ఆపేటప్పుడు మేకులున్న చెక్కలు ఒక పక్కకు చేర్చి మేకులు వంచండి, నిచ్చెన దించి పడుకోబెట్టండి, గోతి చుట్టూ తాడు కట్టండి. రాత్రి ఆ సందులో పిల్లలు ఆడతారు. మనుషుల లెక్క పొద్దున రాసుకున్నదానితో సరిపోయాకే బయలుదేరండి. రాత్రి తొమ్మిదింటికి మీ జతగాడికి ఒక ఫోన్ చేయండి. తలనొప్పి ఉందా, మూత్రం ముదురు పసుపుగా వస్తోందా, కాళ్లు మండుతున్నాయా అని అడగండి. వరద నీళ్లలో పనిచేసినవాళ్లకు మరో నాలుగు వారాల లోపు జ్వరం వస్తే, ఎలుక జ్వరం (లెప్టోస్పైరోసిస్) కావొచ్చు కాబట్టి, ఎక్కడ పనిచేశారో డాక్టరుకు తప్పకుండా చెప్పమనండి.