వడదెబ్బ తగిలిన పక్షికి నీళ్లు పట్టే తీరు

రోహిణి కార్తెలో ఉదయగిరి, వింజమూరు మెట్ట ఊళ్లలో కోడో గోరింకో నోరు తెరుచుకుని పడిపోతే, చాలామంది దాని తల వెనక్కి వంచి నోట్లో నీళ్లు పోసేస్తారు. ఎండకు చావని పక్షి ఆ నీళ్లకు చస్తుంది. ఊపిరి గొట్టం ద్వారం నాలుక మొదట్లోనే ఉంటుంది. సత్తువ లేని పక్షి దాన్ని సరిగా మూసుకోలేదు.

మామూలప్పుడు ఏం జరుగుతుందంటే, చెవి వెనకనుంచి కింది దవడ వెనక కొసకు పోయే కండరం బిగిస్తే కింది ముక్కు దిగుతుంది. పై ముక్కు కూడా కాస్త లేస్తుంది, మనకు లేని సదుపాయం అది. కోడి ముక్కు ముంచి, నాలుకతో నీళ్లు లోపలికి లాగి, దవడ మూసి తల ఎత్తుతుంది. నీళ్లు తమ బరువుకే గొంతులోకి జారతాయి. పావురం, గువ్వ అలా కాదు. ముక్కు సన్నగా తెరిచి, ముంచింది ముంచినట్టే ఉంచి పీలుస్తాయి.

అందుకని ముందు పక్షిని నీడకు చేర్చండి. తల నిలపలేకపోతే నీళ్లు అసలు పట్టొద్దు. కాళ్లు, కోడికైతే తలమీది జుట్టు కూడా, చల్లటి నీళ్లతో తడపండి. ఐసు వద్దు. తల నిలిచాక ఇంకు ఫిల్లరుతో ముక్కు పక్క అంచున ఒక్క చుక్క వేయండి. దవడ రెండుమూడు సార్లు కదిలి గొంతు ఆడిందంటే మింగినట్టే, అప్పుడే రెండో చుక్క. కదలకపోతే ఆగాలి. పిచ్చుకకు తడిపిన దూది చాలు. కాస్త కోలుకున్నాక ముక్కు కొన మాత్రం నీళ్లకు తాకించండి, ముక్కు రంధ్రాలు మునగకూడదు. గూట్లోంచి పడిన రెక్కలు రాని పిల్లలకు నీళ్లు పట్టొద్దు, వాటికి తేమ తిండిలోనే అందుతుంది.

దొడ్లో పెట్టేది మట్టి మూకుడైతే మేలు. నీళ్లు ఊరి ఆరుతూ చల్లగా ఉంటాయి, స్టీలు గిన్నె ఎండలో కాగుతుంది. కోడికి అంచు దాని వీపు ఎత్తుకు రావాలి. పావురానికి 3 సెం.మీ. లోతు ఉండాలి, లేకుంటే పీల్చలేదు. కోడిపిల్లలుంటే గులకరాళ్లు వేయండి, లేకుంటే పిల్లలు నీళ్లలో మునిగిపోతాయి.

నీళ్ల ముందు నిలబడి కూడా తాగకపోతే నోరు తెరిచి చూడండి. ముక్కు మూలల్లో పక్షులకొచ్చే మశూచి పొక్కులుంటే దవడ తెరవడమే నొప్పి. పావురం గొంతులో పసుపు పచ్చని పొర కనిపిస్తే గోకకుండా పశువుల డాక్టరుకు చూపించండి.