అండమాన్‌లో బీచ్‌కు నడిచి పోయేముందు పోటు టైం చూసుకోండి

నల్గొండ, పాలమూరు నుంచి దోస్తులంతా కలిసి అండమాన్ ప్లాన్ చేసుకునేవాళ్ల కోసం ఈ మాట. హావ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో కాకుండా అడవిలోంచి నడిచి పోదామనుకుంటే, ఎన్నింటికి బయల్దేరాలన్నది టిఫిన్‌ను బట్టి కాదు, ఆటుపోట్లను బట్టి ఫిక్స్ చేసుకోండి. మనకు సాగర్ నీళ్లు అలవాటు, గేట్లెత్తితే తప్ప మట్టం సంగతి పట్టించుకోం. సముద్రం అలా కాదు, సుమారు ఆరు గంటలు ఎక్కుతుంది, ఆరు గంటలు దిగుతుంది, పైగా ఆ టైం రోజుకు దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది, అందుకే పోయిన వారం వెళ్లొచ్చినవాళ్లు చెప్పిన టైం మీకు పనికిరాదు. పోటు మీదున్నప్పుడు దారి చివర మడచెట్ల దగ్గరంతా నీళ్లూ బురదే. హవాయి చెప్పులైతే కాలు పైకొస్తుంది గానీ చెప్పు రాదు, వెనక పట్టీ ఉన్న శాండిల్స్ వేసుకోండి. దారి తెరిచి ఉందో లేదో ముందు రోజే హోటల్లో అడగండి.

ఇంకోటి, చీకటి. గడియారం మనదే అయినా దీవులు బాగా తూర్పున ఉన్నాయి కాబట్టి డిసెంబర్‌లో సాయంత్రం ఐదు గంటలకే పొద్దుగూకుతుంది. ప్రతి గ్యాంగ్‌లో ఫోటోల పిచ్చోడు ఒకడుంటాడు, వాణ్ని ముందు నడిపించండి, వెనక వదిలితే అయిపోయినట్టే. తాగే నీళ్లు మనిషికి రెండు లీటర్లు. మొసళ్ల బోర్డు ఉంటే మాత్రం నీళ్లు ఎంత ప్రశాంతంగా కనిపించినా దిగొద్దు. పగడపు ముక్కలు బ్యాగులో వేసుకోకండి, అది నేరం.