ఉద్దానం తోటల నుంచి కీటక సంరక్షణ పరిశోధనలోకి: మొదలుపెట్టే పద్ధతి

శ్రీకాకుళం జిల్లాలో జంతుశాస్త్రమో వ్యవసాయశాస్త్రమో చదువుతూ కీటక సంరక్షణ పరిశోధనను వృత్తిగా చేసుకోదలచినవారు సాధారణంగా ఏ విశ్వవిద్యాలయంలో చేరాలన్న ఆలోచనతో మొదలుపెడతారు. అంతకన్నా ముందు ఏ నేలను, ఏ కీటకాలను గమనించాలో తేల్చుకోవడం మేలని నా నిశ్చితాభిప్రాయం. జర్మనీలోని రక్షిత ప్రాంతాలలో ఎగిరే కీటకాల మొత్తం బరువు 27 ఏళ్లలో సుమారు 76 శాతం తగ్గిందని 2017లో ఒక అధ్యయనం చెప్పగలిగిందంటే, అక్కడివారు ఏళ్ల తరబడి ఒకే రకం వలలతో, ఒకే పద్ధతిలో కీటకాలను పట్టి తూకం వేసి ఉంచడమే అందుకు కారణం.

నేల విషయంలో ఉద్దానం వాసులు అదృష్టవంతులు. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు, మందస మండలాలలో జీడి, కొబ్బరి, పనస తోటలు ఊళ్లతో కలిసిపోయి ఉంటాయి. తూర్పున ఇసుక దిబ్బలు, పడమట మహేంద్రగిరి వైపు కొండలు, నడుమ వరి మళ్లు, చెరువు గట్లు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను ఈ తోటలలో చాలావాటిని కూల్చివేసింది. అందువల్ల తుఫానుకు నిలిచిన ముదురు తోటలను, ఆ తరువాత నాటిన లేత తోటలను పక్కపక్కన పోల్చి చూసే వీలు ఇక్కడ ఉంది.

పరిశోధనకు పనికివచ్చే ప్రశ్న చిన్నదిగా, కొలవదగినదిగా ఉండాలి. జీడి పూగుత్తిలో మగపూలూ, ద్విలింగ పుష్పాలూ కలిసి ఉంటాయి. పుప్పొడి జిగురుగా ఉండటం వల్ల అది ఒక పువ్వు నుంచి మరో పువ్వుకు చేరడానికి ప్రధానంగా కీటకాలే కావాలి. తోట చుట్టూ పొదలు, గట్లు, చిట్టడవి ఎక్కువగా ఉన్నచోట పూలపై వాలే కీటకాల రకాలు పెరుగుతాయా అన్నది మంచి ప్రశ్న. దీనికి తోటలను ఎంచుకునేటప్పుడు వాటి మధ్య కనీసం రెండు కిలోమీటర్ల దూరం పాటించాలి, ఎందుకంటే చిన్న ఒంటరి తేనెటీగలు కొన్ని వందల మీటర్లకు మించి వెళ్లకపోయినా, పట్టు కట్టే తేనెటీగలు కిలోమీటరు దాటి మేతకు వెళతాయి. ప్రతి తోట చుట్టూ 250 మీటర్లు, 500 మీటర్లు, ఒక కిలోమీటరు వ్యాసార్ధంతో వలయాలు గీసి, ఒక్కొక్క దానిలో ఏ రకం నేల ఎంత ఉందో పటాలు గీయడానికి ఉచితంగా దొరికే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్‌లో సెంటినెల్-2 ఉపగ్రహ చిత్రాలతో లెక్కించవచ్చు. అయితే పది మీటర్ల స్పష్టత ఉన్న ఆ చిత్రాలలో సన్నని గట్టు కనబడదు కనుక, గట్లను నడిచి గుర్తించక తప్పదు.

సీతాకోకచిలుకలకు బ్రిటన్‌లో 1976 నుంచి అమలులో ఉన్న నడక పద్ధతిని అనుసరించవచ్చు: నిర్ణీత దారిలో నిదానంగా నడుస్తూ, ఇరువైపులా రెండున్నర మీటర్లు, ముందుకు ఐదు మీటర్ల లోపల కనిపించినవాటినే లెక్కించాలి. అక్కడ మధ్యాహ్నం నడుస్తారు. మన ఎండలకు ఉదయమే తగినది. జీడి పూత కాలంలో మాత్రం ఎంచుకున్న పూగుత్తుల ఎదుట పది నిమిషాలు నిలబడి, వాలిన ప్రతి తేనెటీగను, తుమ్మెదను, ఈగను, చీమను వేరువేరుగా నమోదు చేయాలి. ఏమీ వాలని పది నిమిషాలను కూడా సున్నాగా రాయాలి. ఆ సున్నా లేని పట్టిక విశ్లేషణకు నిలవదు.

ఫొటో చూసి చాలా సీతాకోకచిలుకలకు పేరు పెట్టవచ్చు గాని, చిన్న తేనెటీగలకు అది సాధ్యం కాదు. వాటి నమూనాలను సూదికి గుచ్చి, స్థలం, తేదీ, ఏ పువ్వుపై దొరికింది, సేకరించినవారి పేరు రాసిన చీటీతో భద్రపరచి, నిపుణులకు చూపాలి. కొన్ని సీతాకోకచిలుకలకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. అందువల్ల వాటిని పట్టరాదు, అటవీ భూమిలో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా సేకరణ చేయరాదు. ప్రైవేటు తోటలోనూ రైతు అనుమతి ముందే అడగాలి.

చదువు దారి క్లుప్తంగా చెప్పవచ్చు: పీజీ తరువాత సీఎస్ఐఆర్-యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్ష ద్వారా ఫెలోషిప్, లేదా బెంగళూరులోని జాతీయ జీవశాస్త్రాల కేంద్రం (ఎన్‌సీబీఎస్‌), డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలలో వన్యప్రాణి శాస్త్రంలో ఎమ్మెస్సీ. పరిశోధన గైడ్‌కు రాసే ఉత్తరంలో ఆసక్తి గురించిన పేరాలకన్నా, రెండు పూత కాలాల పట్టిక, ఒక పటం, దానిపై ఒక ప్రశ్న ఉంచడం మేలు.

ఆ ప్రశ్న రైతుకు కూడా అవసరమైనదైతే మరీ మంచిది. టీ దోమ (పేరుకు దోమే గాని, జీడి చిగుళ్ల, పూగుత్తుల రసం పీల్చే పురుగు) నుంచి పంటను కాపాడుకోవడానికి రైతు పూత సమయంలోనూ మందు కొట్టవలసి వస్తుంది, కనుక మానేయమని చెప్పడం న్యాయం కాదు. ఏ గంటలలో పూలపై కీటకాలు ఎక్కువగా వాలుతున్నాయో మీ పట్టిక చూపగలిగితే, ఆ గంటలను తప్పించి పిచికారీ చేయమని ఆధారంతో సూచించవచ్చు. అందుకే ఏటా కొత్త పూత రాకముందే, ఒక్క పేజీలో, తెలుగులో, ఆ తోటలో దొరికిన లెక్కను ఆ తోట యజమానికి అందజేయండి.