రోమియో జూలియట్ ప్రోలాగ్: ఆ 14 లైన్లు ఎలా చదవాలి

షేక్‌స్పియర్ రాసిన ఈ నాటకం ఇంకా మొదలవ్వనే లేదు, ఒక మనిషి స్టేజ్ మీదకి వచ్చి ఇద్దరు ప్రేమించుకుంటారు, ఇద్దరూ చచ్చిపోతారు, అప్పుడుగానీ పెద్దోళ్ళ పగ చల్లారదు అని చావుకబురు చల్లగా చెప్పేసి వెళ్ళిపోతాడు. ఎండింగ్ ముందే తెలిసిపోతే ఇంక చదవడం ఎందుకు అని చాలామందికి ఇక్కడే డౌట్ వస్తుంది. కానీ హరిశ్చంద్రుడి కథ మనలో తెలియనిది ఎవరికి, అయినా కాటిసీను కోసం జనం తెల్లవార్లూ కూర్చునేవాళ్ళు కదా. ఏం జరుగుతుందో తెలిసిపోయాక మనసంతా ఎలా జరుగుతుందా అన్నదాని మీదే ఉంటుంది. పార్టీలో వాళ్ళిద్దరూ మొదటిసారి చెయ్యీ చెయ్యీ కలుపుతున్నప్పుడు వాళ్ళకి సంతోషం, మనకి మాత్రం గుండెలో కలుక్కుమనాలి, ప్రోలాగ్, అంటే నాటకానికి ముందు చెప్పే ఈ మాట, ఉన్నది అందుకే.

ఆ మాట్లాడే మనిషిని కోరస్ అంటారు. గుంపు పాట అనుకోవద్దు, ఇక్కడ ఒక్కడే, మన సూత్రధారి లాంటివాడు.

ముందు నోట్స్ ఏవీ తెరవకుండా రెండుసార్లు పైకి చదవండి. అర్థం సగం తెలియకపోయినా పర్లేదు, నడక చెవిన పడాలి. ఇది సానెట్, 14 లైన్లు, లైనుకి దాదాపు 10 అక్షరాలు, తేలిక-బరువు తేలిక-బరువు అని ఐదుసార్లు. ఛందస్సు చదువుకున్నవాళ్ళయితే లఘువు-గురువు ఉన్న వ-గణం ఐదుసార్లు వేసినట్టు ఊహించుకోండి, కాకపోతే మనది మాత్రల లెక్క, వాళ్ళది ఒత్తి పలకడం లెక్క. మన ప్రాస రెండో అక్షరంలో ఉంటుంది కానీ ఇక్కడ లైను చివర ఉంటుంది, ఒక లైను వదిలి ఒక లైను కలుస్తుంది, ఆఖరి రెండు మాత్రం పక్కపక్కనే.

ఇప్పుడు ఆ ప్రాస మాటల్ని మాత్రమే జంటలుగా ఒక కాగితం మీద రాయండి. డిగ్నిటీకి మ్యుటినీ, లైఫ్‌కి స్ట్రైఫ్, రేజ్‌కి స్టేజ్. పరువు పక్కన అల్లరిమూక కొట్లాట, బతుకు పక్కన తగువు, కోపం పక్కన రంగస్థలం. కథంతా ఆ కాగితం మీదే కనిపిస్తుంది, నాకైతే ఈ పద్యంలో అన్నిటికంటే నచ్చేది ఇదే.

తర్వాత మాటలు. ఇవాళ్టి అర్థం పెట్టుకుని చదివితే కొన్ని దారి తప్పిస్తాయి. డిగ్నిటీ అంటే ఇక్కడ ఆత్మగౌరవం కాదు, హోదా, అంతస్తు. రెండు కుటుంబాలూ 'బోత్ అలైక్ ఇన్ డిగ్నిటీ', అంటే సమానమైన గొప్పింటివాళ్ళు. ఇది గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎందుకంటే మనకి ప్రేమకథ అనగానే డబ్బున్న అమ్మాయి పేద అబ్బాయి గుర్తొస్తారు, ఇక్కడ ఆ తేడా ఏమీ లేదు, పెళ్ళికి అడ్డం ఒక పాత పగ మాత్రమే, ఆ పగ ఎందుకు మొదలైందో నాటకం చివరిదాకా చదివినా సరిగ్గా తెలియదు. 'సివిల్ బ్లడ్ మేక్స్ సివిల్ హ్యాండ్స్ అన్‌క్లీన్' అన్న లైనులో సివిల్ రెండుసార్లు వచ్చింది చూడండి, ఊరివాళ్ళు అని ఒక అర్థం, మర్యాదస్తులు అని ఇంకో అర్థం, అంటే కథ జరిగే వెరోనా ఊళ్ళో మర్యాదస్తుల చేతులకి సొంత ఊరివాళ్ళ రక్తమే అంటింది. ట్రాఫిక్ అంటే రోడ్డు మీదది కాదు, వ్యవహారం, 'రెండు గంటల మా వ్యవహారం' అంటున్నాడు.

అసలు ఆగాల్సిన చోటు ఆరో లైను, 'టేక్ దెయిర్ లైఫ్'. శత్రువుల కడుపున ఈ జంట ప్రాణం పోసుకుంది అని ఒక అర్థం, ప్రాణం తీసుకుంది అని ఇంకో అర్థం. తెలుగులో పోసుకోవడం, తీసుకోవడం అని రెండు క్రియలు కావాలి, అక్కడ షేక్‌స్పియర్ ఒక్క మాటలోనే పుట్టుకా చావూ ఇరికించేశాడు, అందుకే దీన్ని తెలుగులోకి తేవాలంటే ఎవరికైనా చెమటలు పడతాయి.

అదే లైనులో 'స్టార్ క్రాస్డ్ లవర్స్' ఉంది, గ్రహాలు అడ్డం తిరిగిన ప్రేమికులు. జాతకాలు చూసే ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. కానీ మొత్తం నక్షత్రాల మీదకే నెట్టేసి ముందుకెళ్ళిపోకండి. 14 లైన్లలో రోమియో పేరు లేదు, జూలియట్ పేరు లేదు, ఇంటిపేర్లు కూడా లేవు, పేరెంట్స్ అన్న మాట మాత్రం రెండుసార్లు ఉంది, ఒకసారి వాళ్ళ తగువు, ఇంకోసారి వాళ్ళ కోపం. మొదటి నాలుగు లైన్లలో అయితే ప్రేమ ఊసే లేదు, అంతా పగే. పిల్లల చావు తప్ప ఇంకేదీ ఆ కోపాన్ని ఆపలేకపోయింది అని 11వ లైను చెప్తుంది, అది చదివాక కూడా తప్పంతా చుక్కలదే అనడానికి నాకు మనసొప్పదు. ఎగ్జామ్‌లో విధి గురించి ప్రశ్న వస్తే ఆరో లైనునీ 11వ లైనునీ పక్కపక్కన పెట్టి రాయండి, రాయడానికి కావల్సినంత దొరుకుతుంది.

చివరి రెండు లైన్లు ప్రేక్షకులకి విన్నపం, ఓపికగా చెవులు అప్పగించండి, ఇక్కడ తక్కువైంది మేం ఆడి పూడుస్తాం అని. కళ్ళు అనలేదు, చెవులు అన్నాడు, అప్పట్లో పగటి వెలుతురులో సెట్టింగులు పెద్దగా లేకుండా ఆడే నాటకం కాబట్టి రాత్రయినా తోటయినా మాటతోనే పుట్టాలి.

ఇంకో పని కూడా చేసి చూడండి. 1599 ముద్రణలో ఈ 14 లైన్లూ ఉన్నాయి, 1623లో వచ్చిన షేక్‌స్పియర్ నాటకాల పెద్ద సంపుటిలో మాత్రం ప్రోలాగ్ లేదు, పనివాళ్ళు శాంసన్, గ్రెగరీ వీధిలో పరాచికాలాడే సీన్‌తోనే మొదలైపోతుంది. మీరూ ఒకసారి ప్రోలాగ్ వదిలేసి ఆ సీన్ చదవండి, తర్వాత ప్రోలాగ్ చదివి మళ్ళీ అదే సీన్‌కి రండి, మొదటిసారి నవ్వొచ్చిన చోట రెండోసారి ఎందుకు రాలేదో చూసుకోండి. ఆ తర్వాత మొదటి అంకం ఐదో రంగానికి వెళ్ళండి. రోమియో జూలియట్ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి 14 లైన్లు కలిపి చూస్తే అదీ ఒక సానెట్టే, కోరస్ ఒక్కడే చెప్పిన అచ్చులో వీళ్ళిద్దరూ పంచుకుని మాట్లాడుకుంటారు, సరిగ్గా అది పూర్తయ్యేసరికి మొదటి ముద్దు.