బెంగళూరు మేడ మీద టెలిస్కోప్: బొమ్మ కుదరనప్పుడు లోపం ఎక్కడ వెతకాలి

కొత్తగా ఆకాశం చూడడం మొదలుపెట్టేవారు తరచుగా కొనే, 114 మిల్లీమీటర్ల అద్దమూ 900 మిల్లీమీటర్ల నాభ్యంతరమూ (అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటికి దూరం) గల న్యూటోనియన్ టెలిస్కోప్‌ను, అంటే అద్దంతో వెలుగును పోగుచేసే రకాన్ని, దృష్టిలో పెట్టుకొని ఈ వివరాలు రాస్తున్నాను. లోపం ఎక్కువసార్లు గురిలోనో గాలిలోనో మేడలోనో ఉంటుంది కనుక, అద్దాల మరలను అన్నిటికంటె చివరకు ముట్టుకోవాలి.

ఐపీస్‌లో (కన్ను ఆనించి చూసే కటకంలో) ఏమీ కనిపించదు

కారణం దాదాపు ఎప్పుడూ ఫైండర్, అంటే గొట్టం మీద గురి చూసుకోవడానికి ఉండే చిన్న సాధనం, గురి తప్పి ఉండడమే. 10 మి.మీ. ఐపీస్ 90 రెట్లు పెద్దది చేసి చూపుతుంది గాని, అందులో కనిపించే ఆకాశం చంద్రబింబం పట్టేటంత మాత్రమే, 25 మి.మీ. ఐపీస్‌లో 36 రెట్లే అయినా దాదాపు మూడు చంద్రబింబాలంత మేర పడుతుంది. అందువల్ల పగటిపూట, సూర్యుడికి బాగా ఎడంగా ఉన్న దిక్కున, కిలోమీటరుకు పైగా దూరంలో ఉన్న సెల్ టవర్ కొసను 25 మి.మీ. ఐపీస్ నడిమికి తెచ్చి, గొట్టాన్ని బిగించి, ఫైండర్ మరలు తిప్పి అదే కొసను దాని గుర్తు మీదికి తేవాలి. సూర్యుడి వైపు మాత్రం ఫైండర్‌ను సైతం తిప్పకూడదు. చంద్రుడు కనబడుతూనే మసకగా ఉన్నాడంటే, ముందు మూతకు ఉన్న చిన్న మూత మాత్రమే తీసి పెద్దదాన్ని అలాగే ఉంచారేమో చూడండి. బొమ్మ తలకిందులుగా ఉండడం ఈ రకం టెలిస్కోప్‌కు సహజం.

గురుగ్రహం సలసల కాగే నీళ్ల అడుగున ఉన్నట్టు కదులుతుంది

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైన ఉన్నది కదా, గాలి నిలకడగా ఉంటుందనుకుంటే ఆశాభంగమే. పగలంతా ఎండకు కాగిన కాంక్రీటు పొద్దుపోయాక కూడా వేడిని వదులుతూనే ఉంటుంది. పిట్టగోడకు ఆనుకొని గురిపెడితే పక్కింటి ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వదిలే వేడిగాలి గుండా చూడవలసి వస్తుంది. పైగా గదిలోనుంచి అప్పుడే తెచ్చిన గొట్టం లోపల అద్దం ఇంకా చల్లబడి ఉండదు. లోపం గొట్టంలో ఉందో, పైన వీచే గాలులలో ఉందో తెలుసుకోవడానికి, ప్రకాశవంతమైన నక్షత్రాన్ని కావాలని ఫోకస్ తప్పించి గుండ్రని వెలుగు బిళ్లలా చూడాలి. బిళ్ల మీద నీడలు నెమ్మదిగా, సుడులు తిరుగుతూ ఒకే అంచుకు చేరుతుంటే అది గొట్టంలోని వేడి. వేగంగా అడ్డంగా పరుగెత్తుతుంటే పై గాలులు. అరచేతిని గొట్టం మూతికి ఎదురుగా పెట్టి చూడండి: చేతి నుంచి లేచే వేడి పొగలా ఆ బిళ్లలో కనిపిస్తుంది. గొట్టం మూతి దగ్గర బంధుమిత్రులను గుమిగూడనివ్వవద్దని నేననడం అందుకే.

టెలిస్కోప్‌ను గంట ముందే మేడ మీద పెట్టడం, గ్రహం 40 డిగ్రీల ఎత్తుకు వచ్చేదాకా ఆగడం, రేకుల షెడ్లను, ఏసీలను తప్పించి చెట్లున్న వైపు చోటు చూసుకోవడం చాలావరకు పనిచేస్తాయి. పై గాలులకు మాత్రం మరో రాత్రి కోసం ఆగడమే మందు.

పెట్టె మీద అచ్చువేసే 675 రెట్ల సంగతీ ఇక్కడే చెప్పాలి. 4 మి.మీ. ఐపీస్‌కు మూడింతల బార్లో (రెట్లను పెంచే అదనపు కటకం) తగిలిస్తే లెక్క ప్రకారం ఆ అంకె వస్తుంది, కాని ఈ అద్దం భరించేది మహా అయితే 228 రెట్లు. మన గాలిలో 150 దాటిన రాత్రి దొరకడమే గొప్ప. ఆ బార్లోను పెట్టెలోనే ఉంచండి.

గాలి నిలిచినా బొమ్మ పదునుగా రాదు

ఇప్పుడు అద్దాల అమరికను అనుమానించవచ్చు. నక్షత్రాన్ని ఐపీస్ సరిగ్గా నడుమ ఉంచి ఫోకస్ కొద్దిగా తప్పించినప్పుడు, బిళ్లలోని నల్లని చుక్క ఒక పక్కకు జరిగి ఉంటే అమరిక చెడినట్టే. గొట్టం అడుగున బిగింపు మరలు వదులు చేసి, అమరిక మరలలో ఒకదాన్ని పావు చుట్టు తిప్పి, నక్షత్రాన్ని మళ్లీ నడిమికి తెచ్చి చూస్తూ, చుక్క మధ్యకు వచ్చేదాకా ఇలాగే సాగించాలి.

మౌంట్ పిడి తిప్పుతున్నా గ్రహం తప్పిపోతుంది

ఈక్వటోరియల్ మౌంట్ (ఆకాశం కదలికను అనుసరించి టెలిస్కోప్‌ను తిప్పే పీఠం) అక్షాంశపు కొలబద్ద వేరే దేశపు అంకె దగ్గర ఉండిపోయి ఉంటుంది. బెంగళూరుకు అది 13 డిగ్రీలు. ధ్రువ నక్షత్రం కూడా అంతే ఎత్తులో ఉండడం వల్ల అపార్ట్‌మెంట్ల వెనక కనబడకుండా పోతుంది కనుక, నీళ్ల ట్యాంకు ఇనుప స్టాండుకు దూరంగా నిలబడి ఫోన్ దిక్సూచితో అక్షాన్ని ఉత్తరానికి తిప్పితే కంటితో చూడడానికి చాలు.

ఆండ్రొమెడా గెలాక్సీ మసక మరకే

నగరపు వెలుతురే కారణం. తెల్లని ఎల్ఈడీ దీపాల ముందు సాధారణ ఫిల్టర్లు పెద్దగా ఉపకరించవు. ఊరు దాటి వెళ్లండి, లేదా జంట నక్షత్రాలు చూడండి.

చంద్రయాన్-3 ల్యాండర్ కనిపించదు

ఇస్రో ఉన్న ఊళ్లో టెలిస్కోప్ ఉన్నదని తెలిస్తే, ఊరి నుంచి వచ్చిన బంధువులు మొదట అడిగేది దీనినే. 114 మి.మీ. అద్దం చంద్రుడి మీద సుమారు రెండు కిలోమీటర్ల కంటె చిన్నవాటిని విడదీసి చూపలేదు. ఆ ల్యాండర్ విక్రమ్ వెడల్పు రెండు మీటర్లే. 2023 ఆగస్టు 23న అది దిగిన ప్రాంతాన్ని మాత్రం చూపవచ్చు. శుక్ల షష్ఠి, సప్తమి రోజుల సాయంత్రం పడమర ముఖంగా నిలబడితే, కంటికి కనిపించే నెలవంక ఎడమ కొమ్ము దక్షిణం. 36 రెట్లతో ఆ కొమ్మును పట్టుకొని, 90కి మారి, చంద్రపటం పక్కన పెట్టుకొని, సుమారు వంద కిలోమీటర్ల వెడల్పు గల మాంజినస్ బిలాన్ని వెతకాలి. ల్యాండర్ దిగింది దానికి కొంచెం తూర్పున, దక్షిణ ధ్రువం వైపుకు.