తలచుట్టూ అలలు: 360 వేవ్స్ ఎలా తెచ్చుకోవాలి?

అమెరికాలో చాలామంది నల్లజాతి యువకుల తలను పైనుంచి చూస్తే, నిలకడగా ఉన్న చెరువులో రాయి వేసినట్టు కనిపిస్తుంది. నడినెత్తి సుడి దగ్గర మొదలైన వలయాలు ఒకదాని వెనక ఒకటిగా నుదుటి దాకా, చెవుల దాకా, మెడ దాకా పరుచుకుని ఉంటాయి. ఇవి తలచుట్టూ తెగకుండా సాగితే 360 వేవ్స్ అంటారు. నెత్తి నుంచి నుదుటి వైపు మాత్రమే ఉంటే 180 వేవ్స్. వీటికి రసాయనాలు అక్కర్లేదు. బిగుతుగా చుట్టలు తిరిగే జుట్టును పొట్టిగా కత్తిరించి, రోజూ ఒకే దిశలో బ్రష్ చేసి అణచి ఉంచితే, ఒక్కో వెంట్రుకలోని వంపు పక్కదాని వంపుతో కలిసి గీతగా మారుతుంది.

సాఫీ జుట్టుకు ఈ పద్ధతి పనిచేయదు. మన ఇళ్లలో ఉంగరాల జుట్టు అని మురిసిపోయేది కూడా చాలావరకు ఇందుకు సరిపోదు. ఆ ఉంగరం తిరగాలంటే జుట్టు బాగా పెరగాలి, అంత పెరిగిన జుట్టు తలకు అంటుకుని ఉండదు.

మొదట సుడిని గుర్తించండి

అన్నిటికీ మూలం ఇదే. రెండు అద్దాల మధ్య నిలబడో, ఫోనుతో ఫొటో తీసుకునో మీ సుడి ఎక్కడుందో, జుట్టు ఎటు తిరుగుతోందో చూసుకోండి. బ్రష్ ఎప్పుడూ సుడి నుంచి బయటికే కదలాలి. ముందుభాగంలో తిన్నగా నుదుటి వైపు, పక్కల్లో కిందికి వాలుగా చెవుల ముందు వైపు, వెనక మెడ వైపు. ఈ రోజు ఒక కోణంలో, రేపు ఇంకో కోణంలో లాగితే గీతలు మధ్యలో చీలిపోతాయి. రెండు సుడులుంటే రెండు పెళ్ళిళ్ళని మన పెద్దవాళ్లు ఆట పట్టిస్తారు. వేవ్స్ పెంచేవారికి మాత్రం రెండు సుడులంటే అదనపు శ్రద్ధ: వాటి మధ్య జుట్టు ఎటు పడుకోవాలో మొదటి రోజే తేల్చుకుని ఆ మాటకే కట్టుబడాలి.

కత్తిరింపు

బార్బర్‌కు రెండు విషయాలు చెప్పండి. జుట్టు పెరిగే దిశలోనే మిషను నడపాలి, మిషనుకు తగిలించే దువ్వెన లాంటి గార్డు 1.5 లేదా 2 నంబరుది ఉండాలి. 2 అంటే సుమారు 6 మిల్లీమీటర్లు. ఎదురు దిశలో నడిపినా, మరీ పొట్టిగా తీసినా వారాల శ్రమ ఒక్క పూటలో పోతుంది.

బ్రష్ చేయడం

డబ్బు ఖర్చు పెట్టాల్సింది పొమేడ్ (జుట్టును అణచి ఉంచే జిడ్డు లేపనం) డబ్బాల మీద కాదు, మంచి బ్రష్ మీద. పంది వెంట్రుకలతో చేసిన బ్రష్‌లు ఇందుకు మేలు. జుట్టు పొట్టిగా ఉన్నప్పుడు మధ్యరకం సరిపోతుంది. పెరిగి మందమయ్యాక కుదుళ్ల దాకా అందాలంటే గట్టి బ్రష్ కావాలి. చివర్లో పైపైన సర్దడానికి మెత్తటిది. రోజుకు రెండు మూడుసార్లు, ఒక్కోసారి ఇరవై నిమిషాలైనా కేటాయించండి. బలంగా రుద్దితే త్వరగా వస్తాయనుకోవడం పొరపాటు. మాడు ఎర్రబడుతుంది, వెంట్రుక విరుగుతుంది. వెంట్రుకను లాగి పడుకోబెట్టేంత ఒత్తిడి చాలు.

పొడి జుట్టు మీద మాత్రం బ్రష్ వేయకండి. చుట్టలు తిరిగిన వెంట్రుకలో మాడులోని నూనె కొస దాకా జారదు, అందుకే ఈ జుట్టు త్వరగా ఎండిపోతుంది. ముందు కొంచెం తడి చేయండి, లేదా నీటి ఆధారిత లోషను రాయండి. ఆ తేమ నిలవడానికి పైన కొద్దిగా కొబ్బరినూనె గానీ, షియా గింజల నుంచి తీసే షియా బటర్ గానీ చాలు. నారింజ రంగు డబ్బాలో వచ్చే మర్రేస్ పొమేడ్ 1920ల నుంచి నల్లజాతి బార్బర్ షాపుల్లో ఉంది. పట్టు గట్టిదే, కానీ బఠాణీ గింజంత తీసి అరచేతుల్లో కరిగించి రాయాలి. ఎక్కువైతే పేరుకుపోయి తలస్నానానికి కూడా ఒక పట్టాన వదలదు.

తలస్నానం

వారానికి ఒకసారి షాంపూ చాలు. దాన్నే సాధనగా మార్చుకోవచ్చు: నురగ ఉండగానే పది పదిహేను నిమిషాలు బ్రష్ చేసి, తలకు డూరాగ్ (జుట్టును అదిమి ఉంచే తలగుడ్డ) కట్టి, దాని మీదుగానే నీళ్లు పోసి నురగ వదిలించాలి. గుడ్డ అదుముతూ ఉంటుంది కాబట్టి నీటి ధారకు వెంట్రుకలు చెదరవు. కండిషనర్‌తోనూ ఇలాగే చేయండి.

డూరాగ్

వెనక తోక, పక్కల రెండు పొడవాటి పట్టీలు ఉండే తలగుడ్డ ఇది. దీన్ని అనుమానంగా చూసినవారు తక్కువేమీ కాదు. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్ 2001లో మైదానంలో నిషేధించింది కూడా. జుట్టు సంరక్షణకు పుట్టిన వస్తువు మీద నేరస్థుల ముద్ర వేయడం అన్యాయమని నా గట్టి అభిప్రాయం. జుట్టు స్వభావాన్ని బట్టి మనిషిపై వివక్ష చూపరాదని కాలిఫోర్నియా 2019లో చట్టం చేయాల్సి వచ్చిందంటే, ఆ చూపు ఎంత లోతుగా పాతుకుపోయిందో ఊహించుకోవచ్చు.

కట్టే పద్ధతి ఇది. బ్రష్ ముగిసిన వెంటనే, మధ్య కుట్టు బయటికి ఉండేలా తలపై పరవండి. లోపలికి ఉంటే జుట్టులో దాని అచ్చు పడుతుంది. పట్టీలు మెలితిరగకుండా వెడల్పుగా నుదుటి మీదుగా తిప్పి వెనక ముడి వేసి, తోకను కిందికి లాగి సర్దండి. పట్టీ కింద ఒక వేలు దూరాలి. అంతకంటే బిగిస్తే తలనొప్పి వస్తుంది, నుదుటి దగ్గర జుట్టు ఊడే ప్రమాదమూ ఉంది. పగలు అరగంట, రాత్రంతా ఉంచుకోండి. నూలు గుడ్డ తేమను పీల్చేస్తుంది కాబట్టి సిల్కు, శాటిన్ లేదా వెల్వెట్ తీసుకోండి, వారానికోసారి ఉతకండి.

వుల్ఫింగ్

చాలామంది ఓడిపోయేది ఇక్కడే. నాలుగు నుంచి ఎనిమిది వారాలు తలపై మిషను పెట్టకుండా బ్రష్ చేస్తూనే ఉండటాన్ని వుల్ఫింగ్ అంటారు. తల గుబురుగా, అలలు మసకగా కనిపిస్తాయి. అందరూ కటింగ్ ఎప్పుడని అడుగుతారు. నుదురు, చెవుల అంచులు మాత్రం దిద్దించుకుని ఆగండి. పొడవు పెరిగిన కొద్దీ వంపు పూర్తిగా పడుకుంటుంది. ఆ తర్వాత కత్తిరిస్తే గీతలు లోతుగా బయటపడతాయి. తొలి గీతలు సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో ముందుభాగంలో కనిపిస్తాయి. పక్కలు, వెనక కలిసి పూర్తి వలయం కావడానికి నెలలు పడుతుంది.

మెడ వెనక గట్టి పొక్కులు, దురద వస్తే పొమేడ్ మార్చి ఊరుకోకండి. చుట్టల జుట్టును మరీ దగ్గరగా తీసినప్పుడు, ఆ భాగం తరచూ ఒరుసుకున్నప్పుడు ఇవి రావచ్చు, నిర్లక్ష్యం చేస్తే మచ్చలుగా ముదురుతాయి. అక్కడ బ్లేడు వాడవద్దని బార్బర్‌కు చెప్పి, చర్మవైద్యులకు చూపించండి.